విజ్ఞాన సంస్థలు : స్థాపనము, స్థైర్యము

విజ్ఞాన సంస్థల చరిత్రను వ్రాయువారు సాధారణముగా స్థాపన సంవత్సరముతో ఆరంభింతురు. శంకుస్థాపన చేసిన ప్రభువు పేరు, ధనమిచ్చిన దాత పేరు, ప్రారంభోపన్యాసము గావించిన పెద్దల పేర్లు గ్రంథస్థములగును. ఆ తరువాతి ఇరువది ముప్పది యేండ్లలో ఆ సంస్థయందు ప్రతిదినము ఏ పని జరిగెను, ఆ పని చేసినవారికి వేతనమెవ్వరిచ్చిరి, స్థాపకుడు గతించిన పిమ్మట తాళపుచెవి ఎవరి చేతికి వచ్చెను అను ప్రశ్నలు మాత్రము తఱచుగా మిగిలిపోవును. బీదదేశమున ఈ రెండవ తెగకు చెందిన ప్రశ్నలే ముఖ్యములని మా యభిప్రాయము. సంస్థలు పెక్కుగల దేశమున ఒకటి నశించినచో దాని పనిని మఱియొకటి అందుకొనవచ్చును. పందొమ్మిదవ శతాబ్దియందు మన తీరమున ఒక వేధశాల మూతపడినచో, దాని స్థానమును పూరించుటకు వేఱొకటి లేదు.

ఈ వ్యాసమున భారతదేశమున 1784 మొదలు ఇటీవలి వఱకు వెలసిన విజ్ఞాన సంస్థలలో కొన్నిటిని మాత్రము గ్రహించి, అవి దేని నాధారముగా చేసికొని నిలిచినవో, దేని లోపమువలన కుంగినవో పరిశీలింపదలచితిమి. ఆధారములు ముఖ్యముగా మూడు : దాత, సంఘము, ప్రభుత్వము. అన్ని సంస్థలను పేర్కొనుట మా యుద్దేశము కాదు. తెలుగుదేశముతో సంబంధము గలవానికి కొంత ప్రాధాన్యమిచ్చితిమి.

ముందుగా రెండు మాటలను వేఱుపఱచుట యవసరము. సంఘమనగా చందాలిచ్చి కూడిన సభ్యుల సమూహము. సమావేశములు, ఉపన్యాసములు, పత్రికా ప్రకటనము దాని పనులు. పరిశోధనాలయమనగా వేతనముపై పనిచేయు పరిశోధకులు గల ప్రయోగశాల. ఐరోపాయందు సంఘములు ముందు పుట్టినవి. లండను రాయల్ సొసైటీ 1660లో వెలసినది. జీతములిచ్చి పరిశోధకులను పోషించు ప్రయోగశాలలు చాలకాలమునకుగాని అచ్చట విరివిగా ఏర్పడలేదు. ఆ నడుమ గడచిన కాలములో విజ్ఞానమును ఆదరించు ఒక ప్రజ యచట తయారయ్యెను. మన దేశమున ఆ వ్యవధి లభింపలేదు. ఇచ్చటి చిక్కులలో పెక్కింటికి మూలమిదియే.

1. పరుల సంఘము

మన దేశమున ఆధునిక పద్ధతిని వెలసిన మొదటి విద్వత్సంఘము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ. సర్ విలియం జోన్సు దీనిని 1784 జనవరిలో స్థాపించెను. భాషలు, పురాతత్వము, ధర్మశాస్త్రములతోపాటు వృక్షములు, ఖనిజములు, వాతావరణము, ఖగోళము గూర్చిన వ్యాసములు కూడ ఈ సంఘపు సంపుటములలో ప్రకటింపబడినవి. అయినను 1829 వఱకు ఇందులో భారతీయులకు సభ్యత్వము లేకుండెను. అనగా నలువదియైదు సంవత్సరములు ఈ దేశమును గూర్చిన విజ్ఞానము ఈ దేశపు నడిబొడ్డున ఈ దేశస్థులు లేని సభలో చర్చింపబడెను.

కంపెనీ ప్రభుత్వపు శాస్త్రశాఖల స్థితియు ఇట్టిదే. చెన్నపట్టణమున వేధశాల 1792 నాటికే ఏర్పడినది. భూమాపనము, భూగర్భ పరిశీలనము, వృక్షసంగ్రహము క్రమముగా సాగినవి. వీనివలన కలిగిన విజ్ఞానము విలువైనదనుటలో సందేహము లేదు. కాని లెక్కలు కట్టినవారు, కొలతలు తీసినవారు, మొక్కల చిత్తరువులు వ్రాసినవారు సహాయకులుగనే మిగిలిరి. ప్రశ్న వేయు అధికారము వారికి దక్కలేదు.

ఇందుకు తెలుగునేలమీదనే చక్కని నిదర్శనమున్నది. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. చెన్నపట్టణ వేధశాలాధిపతి పోగ్సన్ మచిలీపట్టణమున విడిసెను. ఆనాటి వర్ణపట పరిశీలనములవలన సూర్యుని యంచులందలి జ్వాలలు వాయుమయములని తేలెను; అప్పటి చర్చలలో కనబడిన పసుపుపచ్చని రేఖ తరువాత హీలియమను మూలద్రవ్యమునకు గుర్తుగా నిర్ణయింపబడెను. విజ్ఞానచరిత్రలో గుంటూరు పేరు ఇట్లు శాశ్వతమయ్యెను. కాని గ్రహణము విడిచిన తరువాత ఉపకరణములు, పరిశీలనఫలములు, పండితులు, అందఱును తరలిపోయిరి. స్థలము మనది, సంస్థ మనది కాదు.

2. దాత

అయితే ఆ గ్రహణమునే విశాఖపట్టణమునుండి తన స్వంత వేధశాలలో పరిశీలించిన తెలుగువాడొకడు లేకపోలేదు. ఆయన అంకితము వెంకట నరసింగరావు. ఆ వేధశాలను స్థాపించినవాడు ఆయన మామగారగు గోడే వెంకట జగ్గారావు. జమీందారీ కుటుంబమున పుట్టిన జగ్గారావు చెన్నపట్టణమునకు పోయి అచటి వేధశాలలో టి. జి. టేలరు నొద్ద ఖగోళశాస్త్రము నభ్యసించి, స్వస్థలమునకు మరలివచ్చి, 1840 ప్రాంతమున స్వంత వ్యయముతో వేధశాలను నిర్మించెను. నక్షత్రపరిశీలనమే కాక వాతావరణపు లెక్కలు వ్రాయుట, రేవునందలి ఓడలకు కాలసూచన చేయుట కూడ ఆ వేధశాల పనులుగా నుండెను. 1856లో జగ్గారావు గతించెను. నరసింగరావు ఆ పనిని చేపట్టి, ఉపకరణములను వృద్ధిచేసి, గ్రహణములను, 1874 నాటి శుక్రసంక్రమణమును పరిశీలించి, లండను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడయ్యెను. 1892లో ఆయన మరణించెను. తరువాతి తరమువారు కొంతకాలము దానిని పోషింప యత్నించినను, క్రమముగా అది పరిశోధన కేంద్రముగా నిలువజాలక పోయెను.

ఈ వేధశాల యేబదియేండ్లకు మించి జీవించుట యల్పవిషయము కాదు. ఒక కుటుంబపు శ్రద్ధ రెండుమూడు తరములు నిలిచెను. కాని అక్కడ శిష్యులు లేరు. వేతనము నిచ్చు శాశ్వతనిధి లేదు. పని యింటివారసత్వముగా మాత్రమే సంక్రమించెను. ఇంట శాస్త్రాసక్తి గలవాడు పుట్టనినాడు దూరదర్శిని వట్టి యాస్తిగా మాఱును.

దీనితో హైదరాబాదునందలి నిజామియా వేధశాలను పోల్చిచూడవలెను. దీనికిని మూలము ఒక ప్రభువు యొక్క వ్యక్తిగతాభిరుచియే. నవాబు జఫర్ జంగు 1901లో పదునైదంగుళముల దూరదర్శినిని ఇంగ్లాండునుండి కొనితెచ్చి వేధశాలను నెలకొల్పెను. 1907లో ఆయన మరణించెను. విశాఖపట్టణపు కథ యిచ్చటను పునరావృతము కావలసినదే. కాని 1908లో నిజాము ప్రభుత్వము వేధశాలను స్వాధీనపఱచుకొని వేతనముపై అధిపతిని నియమించెను. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి గలదు. 1887లో పారిసునందు ఏర్పడిన ఖగోళ ఛాయాచిత్ర పథకములో ఆకాశమును పట్టీలుగా విభజించి ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క వేధశాలకు అప్పగించిరి. దక్షిణ అమెరికాలోని సాంటియాగో వేధశాలకు కేటాయింపబడిన దక్షిణక్రాంతి 17 భాగలనుండి 23 భాగల వఱకు గల పట్టీ నిజామియా వేధశాలకు సంక్రమించెను. ఛాట్‌వుడ్ ఆరంభించిన పనిని పోకాక్ సాగించెను. పోకాక్ మరణానంతరము టి. పి. భాస్కరన్ కొనసాగించెను. తరువాత జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల విడిచిన పట్టీలో కొంతభాగము కూడ ఇచ్చటికే వచ్చెను. ఫలితము పండ్రెండు సంపుటముల నక్షత్రపట్టిక. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అప్పగింపబడుటచే దానికి విద్యార్థులును లభించిరి. 1968లో రంగాపురమున నలువదియెనిమిది అంగుళముల దూరదర్శినితో క్రొత్త వేధశాల వెలయుటకు ఈ పరంపరయే కారణము.

రెండు వేధశాలలును దాతల సృష్టులే. ఒకటి యంతరించుటకు, ఒకటి నిలుచుటకు గల కారణము ధనము యొక్క హెచ్చుతగ్గులలో మాత్రమే లేదు. నిజామియా వేధశాలకు ఒకరు విడిచిన చోటనే మఱియొకరు అందుకొనదగిన పని యుండెను. ఏ నక్షత్రమువఱకు కొలిచిరో పట్టికయే చెప్పును. క్రొత్తగా వచ్చిన యధిపతి ఆ తరువాతి ఛాయాచిత్రపు పలకను చేతబట్టినచో చాలును. ఇట్టి పనిని మేము పని పరంపర యని వ్యవహరింతుము. సంస్థకు ప్రాణము ఇదియే యని మా ప్రతిపాదనము.

3. సంఘము

ఒక దాత స్థానమున పలువురు చందాదారులున్నచో స్థైర్యము హెచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానముగా కలకత్తాలోని విజ్ఞాన సంఘపు చరిత్రను చూడవలెను. డాక్టరు మహేంద్రలాల్ సర్కారు 1833లో జన్మించి, కలకత్తా విశ్వవిద్యాలయమునుండి వైద్యశాస్త్రమున ఉన్నతపట్టమును బడసి, పిమ్మట హోమియోపతిని అవలంబించుటచే సాటివైద్యుల బహిష్కారమునకు గుఱియైనవాడు. భారతీయులు తామే శాస్త్రపరిశోధన చేయుటకు జాతీయసంస్థ యొకటి వలయునని ఆయన 1869లో తన వైద్యపత్రికలో వ్రాసెను. గుంటూరు గ్రహణమునకు అది మఱుసటి సంవత్సరము. చందాలు కూర్చుటకు ఏడేండ్లు పట్టెను. 1876 జూలైలో బౌబజారు వీథిలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్సు ప్రారంభమయ్యెను.

స్థాపనకు ముందే ఒక వాదము చెలరేగెను. ఇండియన్ లీగు అను రాజకీయ సంఘమువారు, బీదదేశమునకు ముందు కావలసినది చేతిపనులు నేర్పు పాఠశాలయని, శుద్ధవిజ్ఞానము తరువాతి మాటయని వాదించిరి. శుద్ధవిజ్ఞానము లేనిచో చేతిపనులు పరానుకరణముగా మిగులునని సర్కారు వాదించెను. సెయింట్ జేవియర్సు కళాశాల యందలి ఫాదర్ లాఫాన్ ఆయనకు తోడుపడెను. సర్కారు పక్షమే నెగ్గెను. ఈ వాదము మన దేశమున ఆనాటితో ముగియలేదు. ప్రతి ప్రణాళికలోను, ప్రతి ధనసహాయ చర్చలోను అది రూపు మార్చుకొని వచ్చుచునే యున్నది.

సంఘమునకు దాతలు లేకపోలేదు. వారిలో తెలుగుదేశపు ప్రభువొకరు ముఖ్యుడు. విజయనగర మహారాజు ఇచ్చిన ధనముతో 1890 దశకపు తొలినాళ్లలో ఏర్పడిన ప్రయోగశాలకు విజయనగర ప్రయోగశాల యనియే పేరు. కాని ప్రయోగశాల యుండగనే ప్రయోగము జరుగదు. ఉపన్యాసములు సాగినవి, జగదీశచంద్ర వసువు, అశుతోష్ ముఖర్జీ వంటివారు అందు పాల్గొనిరి. పరిశోధనకే తమ కాలమంతయు వినియోగించు ఆచార్యులను నియమించుటకు వలయు శాశ్వతనిధి మాత్రము సమకూడలేదు. భవనములకు ఉదారముగా నిచ్చిన దాతలు వేతనములకు ఇచ్చుటకు వెనుదీసిరి. భవనముపై దాత పేరు నిలుచును, వేతనముపై నిలువదు. సర్కారు 1904లో నిరాశతోనే కన్నుమూసెను. ఆయన కుమారుడు అమృతలాల్ కార్యదర్శియై తలుపులు మూతపడకుండ కాచెను. ముప్పదియేండ్ల యీ కాలమును పెక్కురు వ్యర్థమనుకొందురు. మే మట్లు తలపము.

1907లో ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగియై కలకత్తాకు వచ్చిన చంద్రశేఖర వెంకట రామన్ ఆ సంఘమునకు పోయి తన కోరికను తెలిపినప్పుడు, తెఱువబడిన తలుపు, ఉపయోగము లేక పడియున్న ఉపకరణములు, వానిని గాచుచుండిన సేవకుడు అశుతోష్ డే, ఆదరించు కార్యదర్శి, ఇవన్నియు సిద్ధముగా నుండెను. కచేరికి ముందును వెనుకను రామన్ అచట పనిచేసెను. 1917లో ఉద్యోగమును వదలి విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన పిమ్మటను ఆయన పరిశోధనస్థానము అదియే. 1919లో అమృతలాల్ మరణింపగా ఆయన గౌరవ కార్యదర్శి యయ్యెను. 1926లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్సు వెలువడెను. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితము ప్రకటింపబడెను. 1930లో నోబెల్ బహుమానము వచ్చెను. స్థాపకుడు గతించిన యిరువదినాలుగు సంవత్సరములకు ఆయన తలంపు ఫలించినది. ఫలమును చూడని చెట్టును కాచినవారి శ్రమకు ఇంతకంటె సమర్థనము వేఱొకటి కావలయునా?

అయినను సంఘపాలనలోని లోపమును గూడ చెప్పవలెను. చందాదారుల సభయందు ఓటులచే కార్యదర్శి నిర్ణయింపబడును. 1933లో రామన్ బెంగుళూరికి వెడలిన పిమ్మట సంఘాధికారమును గూర్చి కలకత్తాలో తీవ్రవివాదము చెలరేగి, 1934లో ఆయన పదవి పోయెను. ఆ కాలమందే మహేంద్రలాల్ సర్కారు పేరిట ఆచార్యపీఠ మేర్పడి, కె. ఎస్. కృష్ణన్ అందు నియుక్తుడయ్యెను. స్థాపకుడు జీవితమంతయు యాచించిన పీఠము ఆయన మరణించిన ఇరువదితొమ్మిదేండ్లకు ఆయన పేరిటనే వెలసెను. పిమ్మట మేఘనాథ సాహా నాయకత్వమున ఈ సంస్థ 1950 దశకపు ఆరంభమున జాదవపురమునకు మాఱి, ప్రభుత్వ ధనముపై నిలుచు పెద్ద పరిశోధనాలయ మయ్యెను. సంఘము పరిశోధనాలయముగా పరిణమించుటకు ముప్పాతిక శతాబ్ది పట్టినదన్నమాట.

4. శాశ్వతాదాయము

దాతృత్వమునకే వేఱొక రీతి గలదు. జంషెట్‌జీ టాటా 1898లో తన యాస్తిలో పెద్దభాగమును పరిశోధన విద్యాలయమునకు ఈయ సంకల్పించెను. ఆయన ఇచ్చినది నగదు మూటగాక, ఏటేటా అద్దెల రూపమున ఆదాయమునిచ్చు స్థిరాస్తి. మైసూరు సంస్థానము బెంగుళూరిలో 371 ఎకరముల నేలను, సాలీనా ధనసహాయమును ఇచ్చెను. భారత ప్రభుత్వముతో ఉత్తరప్రత్యుత్తరములు పదునొకండేండ్లు సాగినవి. 1904లో టాటా మరణించెను. అయినను 1909లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు చట్టబద్ధముగా ఏర్పడి, 1911లో విద్యార్థులను చేర్చుకొనెను. సంస్థ పుట్టకమునుపే దాత గతించినను అది పుట్టి పెరిగినదనిన, కారణము దానపద్ధతియందే యున్నది.

మన ఆంధ్ర విశ్వవిద్యాలయమును ఇదే దృష్టితో చూడదగును. 1926లో స్థాపింపబడిన ఈ విశ్వవిద్యాలయమునకు జయపుర సంస్థానము ఏటేటా లక్షరూపాయలు ఇచ్చుటకు పూనుకొనెను. విక్రమదేవ వర్మ మహారాజు పేరిట విజ్ఞాన సాంకేతిక కళాశాల వాల్తేరునందు వెలసెను. ఒక్కసారి ఇచ్చు పెద్దమొత్తముకంటె ఏటేటా వచ్చు చిన్నమొత్తము విజ్ఞానమునకు మేలు. ఏలయన అది ఆచార్యుని రప్పించును. రామన్ వద్ద 1928లో చేరి కలకత్తాలో శిక్షణ నందిన సూరి భగవంతము 1932లో వాల్తేరునకు వచ్చెను. రసాయనశాస్త్రమున టి. ఆర్. శేషాద్రి ఆ తరువాత కొలదికాలముననే వచ్చి 1949 వఱకు ఇచటనే యుండెను. రంగధామరావు వర్ణపటశాస్త్రమున ఒక శాఖనే పెంచెను. కలకత్తాలో విజయనగర ధనము పెంచిన పని పరంపర జయపుర ధనమువలన తెలుగుదేశమునకు మరలివచ్చినదని చెప్పుట అతిశయోక్తి కాదు. యుద్ధకాలమున, 1942లో విశాఖపట్టణముపై బాంబులు పడిన పిదప, విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలవలసివచ్చెను. భవనములు, ఉపకరణములలో పెక్కింటిని వదలిన యాదినములందును పరిశోధన ఆగలేదు. గురుశిష్యులు ఎచట నుండిరో ప్రయోగశాలయు అచటనే యుండెను. భగవంతము, వెంకటరాయుడు కలసి సమూహ సిద్ధాంతమును భౌతికశాస్త్ర సమస్యలకు అన్వయించుచు వ్రాసిన గ్రంథమును విశ్వవిద్యాలయమే 1948లో ప్రకటించెను.

5. ప్రభుత్వము

యుద్ధము మఱియొక మార్పును తెచ్చెను. విదేశములనుండి సరకు రాకపోవుటచే పారిశ్రామిక పరిశోధన యవసరమని ప్రభుత్వమునకు తోచి, 1942లో వైజ్ఞానిక పారిశ్రామిక పరిశోధన మండలి యేర్పడెను. శాంతిస్వరూప్ భట్నాగర్ దాని సారథి. స్వాతంత్ర్యానంతరము 1950లో పుణెలో రసాయన ప్రయోగశాలయు, ఢిల్లీలో భౌతిక ప్రయోగశాలయు తెఱువబడినవి. 1958 మార్చిలో పార్లమెంటు ముందు విజ్ఞానవిధాన తీర్మానము ఉంపబడెను. మహేంద్రలాల్ సర్కారు ఏడేండ్లు తిరిగి కూర్చిన ధనమునకు అనేక రెట్లు ఒక్క సంవత్సరపు ఆయవ్యయపట్టికలో లభింపసాగెను.

ప్రభుత్వాశ్రయము యొక్క ముఖ్యగుణము రాజ్యములు మాఱినను పని నిలుచుట. హైదరాబాదు సంస్థానము 1944లో స్థాపించిన కేంద్ర ప్రయోగశాలలు, ఆ సంస్థానము అంతరించిన తరువాత 1956లో మండలి యధీనమై ప్రాంతీయ పరిశోధనశాల యయ్యెను. 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థయని పేరొందెను. బొగ్గు, నూనెలు, ఔషధములు మున్నగువానిపై పరిశోధన రాజ్యములు, పేర్లు మాఱినను సాగినది.

రెండవ యుదాహరణము మఱింత బోధకము. 1918లో నీలగిరులందలి కూనూరున పాశ్చరు సంస్థలో ఒక్క గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిని గూర్చి విచారణ మారంభించెను. ఆ గది 1928 నాటికి పోషకాహార పరిశోధనశాల యయ్యెను. 1958లో హైదరాబాదునకు తరలెను. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యయ్యెను. ఇచ్చటికి వచ్చిన పిదప ఆ సంస్థ చుట్టుప్రక్కల జనుల కంచములను చూచెను. తెలంగాణమున జొన్న ప్రధానాహారముగా గల బీదలలో పెల్లాగ్రా వ్యాధి కనబడుటను సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య పరిశీలించి, జొన్నలోని ల్యూసిన్ ఆధిక్యము దానికి కారణము కావచ్చునని 1960లో ప్రతిపాదించిరి. ఆ ప్రతిపాదనముపై తరువాత చర్చలు జరిగినవి. కాని మొక్కజొన్న తినువారి వ్యాధిగా పాశ్చాత్యులు వర్ణించిన దానిని జొన్నకూటికి సంబంధించిన ప్రశ్నగా మార్చి లోకము ముందుంచుట ఇచటివారికే సాధ్యమైన పని. 1784లో లేని అధికారము, ప్రశ్న వేయు అధికారము, ఈనాటికి సంస్థకు లభించినది.

అయితే ప్రభుత్వాశ్రయమునకును లోపము గలదు. సంఘము చందాలకై ప్రజలను ఆశ్రయింపవలసినంత కాలము ప్రజలకు తన పనిని చెప్పుచునే యుండెను. ధనము ఆయవ్యయపట్టికనుండి వచ్చినపుడు ఆ యవసరము తగ్గును. పాత సంఘములును క్రమముగా ప్రభుత్వ ధనముపైననే ఆధారపడసాగెను. 1914 జనవరిలో కలకత్తాలో అశుతోష్ ముఖర్జీ అధ్యక్షతన ఆరంభమైన భారత విజ్ఞాన మహాసభ శతాబ్దమునకు పైగా దేశమంతట తిరిగినది. 1937లో హైదరాబాదునందును సమావేశమయ్యెను. దాని 108వ సమావేశము 2023 జనవరిలో నాగపురమున జరిగెను. పిమ్మట ప్రభుత్వ ధనసహాయమును గూర్చి వివాదము కలుగుటచే 2024 జనవరిలో జరుగవలసిన సమావేశము జరుగలేదు. ఒక్క చేయి ముడుచుకొన్నంత మాత్రమున నూఱేండ్ల సభ ఆగిపోవుట చూడగా, దానికి వేఱు ఆధారము మిగులలేదని స్పష్టమగుచున్నది.

6. భాష

ఇక తెలుగుశాఖ పత్రికయందు ఈ విషయము నేల చర్చింపవలెనను ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. సంస్థకును ప్రజకును నడుమ నున్న వంతెన భాష. ఈ సంగతిని అందఱికంటె ముందు గుర్తించి కార్యరూపమున పెట్టినవారిలో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ముఖ్యుడు. మునగాల సంస్థానమున దివానుగా నుండిన ఆయన, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు మున్నగువారితో కలసి 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించెను. తరువాత అది చెన్నపట్టణమునకు మాఱెను. చరిత్రలు, జీవితచరిత్రలతోపాటు జీవశాస్త్రము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము మున్నగు విషయములపై తెలుగున గ్రంథములను ఈ మండలి ప్రకటించెను. ఆ కాలమున కలకత్తాలో అమృతలాల్ తెఱచియుంచిన ప్రయోగశాలలో రామన్ తొలిప్రయోగములు చేయుచుండెను. ఒకచోట ప్రయోగము, ఒకచోట పదజాలము. రెండును సంఘముల పనులే.

మండలి చేసిన పని కేవలము అనువాదము కాదు. పాఠశాల మెట్టెక్కనివానికి సయితము రసాయనసంయోగమును తెలుపు వాక్యమును అది వెదకెను. ఆ వాక్యము దొరకినచోటనే ఆ శాస్త్రము ఆ భాషకు స్వంతమగును. లక్ష్మణరావు అంతటితో తృప్తినొందక ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టి మూడు సంపుటములు వెలువరించి, 1923లో మరణించెను. పని ఆగెను. కాశీనాథుని నాగేశ్వరరావు దానిని పునరుద్ధరింప యత్నించెను. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి వేఱుగా విజ్ఞాన సర్వస్వమును తలపెట్టవలసివచ్చెను. 1968లో తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములకై వెలసెను. ప్రతిసారియు పని మొదటినుండి ఆరంభమగుట గమనింపదగినది. నిజామియా వేధశాలలో క్రొత్త యధిపతికి పాత పట్టిక చేతికందెను. తెలుగు శాస్త్రపదముల విషయమున ముందు తరమువారు కల్పించిన పదములు, విడిచిన పదములు, విడుచుటకు గల కారణములు తరువాతివారికి ఒక పట్టికగా అందలేదు. అందువలన ఒకే భావమునకు మూడు తరములు మూడు పదములను కల్పించినవి.

ఉపసంహారము

పైన చూపిన యుదాహరణములవలన తేలునది ఇది. దాత ఆరంభింపగలడు, కాని అతని యాయుస్సు పరిమితము. సంఘము కాపాడగలదు, కాని వేతనము నీయలేదు, ఓటులచే చీలిపోగలదు. ప్రభుత్వము వేతనము నీయగలదు, కాని ప్రజలతో మాటలాడు నిర్బంధము దానిపై లేదు. ఏ యాధారము ఒంటరిగా చాలదు. మూడింటిలో ఏది యున్నను, ఒకరినుండి మఱియొకరికి అందింపదగిన పనియు, దానిని అందుకొను శిష్యుడును లేనిచో సంస్థ నిలువదు. అవి యున్నచో గుంటూరులో వలె పరాయిచోటనైనను నిలుచును. కలకత్తాలో వలె నిద్రాణమైనను మేల్కొనును.

దీనినిబట్టి మన పరిశోధక విద్యార్థులకు ఒక కర్తవ్యము గోచరించుచున్నది. తెలుగున విజ్ఞానమును వ్యాపింపజేసిన సంఘముల వార్షిక నివేదికలు, చందాదారుల పట్టికలు, గ్రంథముల పీఠికలు, వాని చివర చేర్చిన పారిభాషిక పదముల జాబితాలు పాత గ్రంథాలయములలో శిథిలమగుచున్నవి. వీనిని సేకరించి, ఏ పదమును ఎవరు ఏ సంవత్సరమున ఏ యర్థమున వాడిరో కాలక్రమముగా ఒక పట్టిక కూర్చవలెను. ఇందుకు ప్రయోగశాల యక్కఱలేదు. పెద్ద ధనము నక్కఱలేదు. ఒక విద్యార్థి కొన్ని గ్రంథములను ముగించి విడిచిన చోట మఱియొక విద్యార్థి అందుకొనవచ్చును. నక్షత్రపట్టిక యట్లే పూర్తియైనది. 1909 నాటి రసాయనపదమును నేటి యధ్యాపకుడు ఎఱిగి, కావలసిన వాడి, వలదన్న కారణము చెప్పి విడుచు స్థితి వచ్చినపుడు, విజ్ఞానచంద్రికా మండలి పని ఆగిపోయిన పనిగా గాక, సాగుచున్న పనిగా పరిగణింపబడును.